ఒక్క బైట్ స్పెల్లింగ్ మిస్టేక్

ఎప్పుడో సీ లాంగ్వేజ్‌లో రాసుకున్న చిన్న టూల్ ఒకటుంది నా దగ్గర, ఫోల్డర్లలో ఫైళ్ళు వెతికిపెడుతుంది, అంతకుమించి ఏం లేదు. రోజూ వాడుతూనే ఉన్నా కానీ సోర్స్ (నేను రాసిన అసలు కోడ్) ఎక్కడ పోయిందో తెలీదు, లినక్స్‌లో కంపైల్ చేసిన ఎగ్జిక్యూటబుల్, అంటే మెషీన్ రన్ చేసే బైనరీ ఫైల్, ఒక్కటే మిగిలింది. గొడవేంటంటే ఫైల్ కనపడకపోతే అది "దొరకలేధు" అంటుంది. ద కి బదులు ధ. టైప్ చేసింది నేనే, ఇన్నాళ్ళూ కంట్లో పడలేదు, పడ్డాక మాత్రం చూసినప్పుడల్లా పంటికింద రాయిలా తగుల్తోంది.

సరే, డైరెక్ట్‌గా బైనరీలోనే మార్చేద్దాం అని కూర్చున్నా. ముందు, బైనరీలో చదవగలిగే మాటల్ని ఏరి చూపించే స్ట్రింగ్స్ కమాండ్ కొట్టా. లైబ్రరీ పేర్లు, ఫంక్షన్ పేర్లు, కంపైలర్ వెర్షన్ అన్నీ వరసగా వచ్చాయి, నా తెలుగు ముక్క ఒక్కటే లేదు! ఎందుకంటే ఆ కమాండ్ మామూలుగా ఆస్కీ అక్షరాలు (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు, అన్నీ 127 లోపు నంబర్లే) వరసగా 4 కనపడితేనే చూపిస్తుంది, తెలుగు అక్షరమేమో యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) ఒక్కోటి 3 బైట్లు, గుణింతం గుర్తుకీ సున్నాకీ విడిగా ఇంకో 3, అవన్నీ 127 పైనే, సో దాని లెక్కలో అది చెత్త. 127 పైవాటిని కూడా లెక్కపెట్టమని హైఫన్ ఈ, పక్కన క్యాపిటల్ ఎస్ పెట్టి మళ్ళీ కొడితే అప్పుడు బయటపడింది, చుట్టూ బోలెడు అసలైన చెత్తతో పాటు.

ఇక్కడ ఒక తమాషా. రీడ్‌ఎల్ఫ్ అనే కమాండ్‌తో ఆ ఫైల్లోని సెక్షన్ల (భాగాల) లిస్ట్ తీస్తే డాట్ టెక్స్ట్ అని ఒకటి కనిపిస్తుంది, పేరు చూసి నా మెసేజ్ అక్కడే ఉంటుందనుకుంటారు ఎవరైనా. నేనూ ఫస్ట్‌లో అలాగే అనుకునేవాణ్ణి. అందులో ఉండేది ప్రాసెసర్ నడిపే మెషీన్ కోడ్! పాత యూనిక్స్ రోజుల నుంచీ కోడ్‌కి టెక్స్ట్ అనే పేరు అలా అతుక్కుపోయింది. మనం చదివే టెక్స్ట్ ఉండేది డాట్ రోడేటాలో, అంటే రీడ్ ఓన్లీ డేటా (విండోస్‌లో డాట్ ఆర్‌డేటా అంటారు). మొదట్లో ఒక విలువ ఇచ్చి తర్వాత మార్చుకునే గ్లోబల్ వేరియబుల్స్ డాట్ డేటాలో ఉంటాయి. విలువ ఇవ్వనివి, సున్నా ఇచ్చినవి డాట్ బీఎస్ఎస్‌లోకి పోతాయి, 1950ల్లో ఐబీఎం 704 అసెంబ్లర్ కాలం నాటి పేరు అది. విలువ ఇవ్వకుండా పది లక్షల ఇంట్‌ల (ఒక్కోటి 4 బైట్ల అంకె) గ్లోబల్ అర్రే పెట్టండి, ఫైల్ సైజ్ దాదాపు కదలదు, ఎందుకంటే ఇంత చోటు కావాలి అన్న నంబర్ మాత్రమే ఫైల్లో ఉంటుంది. అదే మొదటిదానికి 1 ఇచ్చి చూడండి, 40 లక్షల బైట్లు పెరుగుతుంది, సున్నాలన్నీ మోసుకుని.

ఇలా విడగొట్టడం పర్మిషన్ల కోసం. మెమరీకి పర్మిషన్ పేజీల లెక్కన ఇస్తారు, మామూలు పీసీల్లో పేజీ 4096 బైట్లు. కోడ్ పేజీల్ని చదవచ్చు, రన్ చెయ్యచ్చు, రాయకూడదు. రోడేటాని చదవడం వరకే. అందుకే సీలో క్యార్ స్టార్ (మాట ఉన్న అడ్రస్ మాత్రమే దాచుకునేది) పెట్టి కోట్స్‌లో ఇచ్చిన మాటలో మొదటి అక్షరం మార్చబోతే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతుంది, అదే క్యార్ అర్రే అని రాస్తే సొంత కాపీ వస్తుంది కాబట్టి ఏం కాదు. ఈ రెండిటికీ తేడా నాకు చాన్నాళ్ళు ఎక్కలేదు, పర్మిషన్ల సంగతి తెలిశాకే ఎక్కింది. ఇంకోటి, సెక్షన్ల పట్టిక లింకర్‌కీ (కంపైల్ అయిన ముక్కల్ని ఒకే ఫైల్‌గా కలిపేది) డీబగ్గర్‌కీ (తప్పులు వెతకడానికి వాడేది) కావాలి గానీ రన్ చెయ్యడానికి అక్కర్లేదు, ప్రోగ్రామ్‌ని మెమరీలోకి ఎక్కించే లోడర్ చూసేది ప్రోగ్రామ్ హెడర్లని, అంటే సెగ్మెంట్లని (ఒకే పర్మిషన్ ఉన్న సెక్షన్ల గుంపుల్ని). సెక్షన్ పట్టిక మొత్తం పీకేసినా ప్రోగ్రామ్ హాయిగా నడుస్తుంది.

రన్ అయ్యేటప్పుడే ఆ కాపలా, డిస్క్ మీద ఫైల్ మనదే కదా, ముందు బ్యాకప్ తీసుకుని, బైట్లని నేరుగా చూపించి మార్చనిచ్చే హెక్స్ ఎడిటర్ తెరిచా. తెలుగు ఎక్కడుందో హెక్స్‌లో ఇట్టే తెలిసిపోతుంది, మూడేసి బైట్లకోసారి ఈ0 బీ0, ఈ0 బీ1 అంటూ కనపడుతుంది. ధ అంటే ఈ0 బీ0 ఏ7, ద అంటే ఈ0 బీ0 ఏ6. ఏ7ని ఏ6 చేసి సేవ్ కొట్టా. అంతే, ఒక్క బైట్. రన్ చేస్తే "దొరకలేదు".

అక్కడితో ఆగితే బాగుండేది. కొంచెం మర్యాదగా ఉంటుందని "దొరకలేదండి" చేద్దామనిపించింది. దొరకలేదు 24 బైట్లు, చివర మాట అయిపోయిందని చెప్పే ఒక సున్నా బైట్, దాని వెనకే ఇంకో మెసేజ్, మధ్యలో ఒక్క బైట్ కూడా ఖాళీ లేదు. దొరకలేదండికి 30 కావాలి. పోతే పోనీ అని పక్క మెసేజ్ మీదికి రాసేశా. దొరకలేదండి బాగానే వచ్చింది, కానీ తర్వాత ఆ పక్క మెసేజ్ రావాల్సిన చోట ఏవో పిచ్చి గుర్తులు, వాటి పక్కన అక్షరం లేకుండా ఒంటరిగా వేలాడుతున్న గుడి! కోడ్‌లో ప్రతి మెసేజ్ అడ్రస్ లింక్ చేసినప్పుడే ఫిక్స్ అయిపోతుంది, పాపం ప్రోగ్రామ్ పాత చోటికే వెళ్ళి చూసింది, అక్కడేమో నా "డి" చివరి 5 బైట్లు. తగ్గించడమైతే ఈజీ, ముందే సున్నా పెట్టేస్తే చాలు. పెంచాలంటే కొత్త మాటని ఇంకెక్కడో ఖాళీలో పెట్టి కోడ్‌లో అడ్రస్ కూడా మార్చాలి, నాకంత ఓపిక లేదు. పైగా లింకర్ కొన్నిసార్లు తోకలు కలిసిన మాటల్ని ఒకటే చేసేస్తుంది, "తప్పు పాస్‌వర్డ్" అని ఒకటి, "పాస్‌వర్డ్" అని ఒకటి ఉంటే రెండోది మొదటిదాని మధ్యలోకి చూపిస్తుంది, ఒకటి మారిస్తే రెండూ మారిపోతాయి. గో లాంగ్వేజ్‌లో రాసిన ప్రోగ్రామైతే మరీ దారుణం, పొడవు విడిగా దాచుకుంటుంది కాబట్టి సున్నాలే ఉండవు, మాటలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి.

బ్యాకప్ వెనక్కి పెట్టి ఆ ఒక్క బైట్ మాత్రం మళ్ళీ మార్చి వదిలేశా. ఇప్పుడు స్పెల్లింగ్ కరెక్టే. మొన్న దానితోనే నా పాత డిస్క్ మొత్తం వెతికించా, దాని సోర్స్ కోసం. దొరకలేదు అంది.