ఆల్ఫా హైడ్రోజన్ ఉందా, లేదా? కార్బొనైల్ చాప్టర్‌తో నా తంటాలు

ఇంటర్ సెకండియర్‌లో నేమ్ రియాక్షన్లన్నీ ఒక చార్టు మీద రాసి గోడకి అంటించాను. పళ్లు తోముకుంటూ కూడా అదే చదివేవాణ్ణి. పేర్లన్నీ నోటికొచ్చాయి, మార్కులే రాలేదు. ఒక వీక్లీ టెస్టులో ఫార్మాల్డిహైడ్‌కి ఆల్డాల్ (క్షారంలో రెండు అణువులు కలిసిపోయే చర్య, ఆల్ఫా హైడ్రోజన్ ఉంటేనే జరుగుతుంది) ప్రొడక్ట్ పెట్టేసి వచ్చాను, దానికి ఆల్ఫా కార్బనే, అంటే కార్బొనైల్ (C=O) పక్కనుండే కార్బనే లేదు, ఇక హైడ్రోజన్ ఎక్కణ్ణుంచి వస్తుంది!

ఆ సాయంత్రమే చార్టు పీకేశాను. అప్పట్నుంచి ముందు స్ట్రక్చర్ గీయడం, కార్బొనైల్ పక్క కార్బన్ మీద వేలు పెట్టడం, హైడ్రోజన్ ఉందో లేదో చూడటం, అంతే. ఉంటే డైల్యూట్ క్షారంతో ఆల్డాల్. ఆల్డిహైడ్ అయ్యుండి అది లేకపోతే గాఢ క్షారంతో కనిజారో, అంటే ఒక అణువు ఆల్కహాల్ అవుతుంది, ఇంకోటి ఆమ్ల లవణం అవుతుంది. బెంజాల్డిహైడ్ దగ్గర చాలామంది జారిపోతారు. పక్కన కార్బన్ ఉంది కదా అనుకుంటాం, కానీ అది రింగులోది, దాని మీద హైడ్రోజన్ లేదు. కాబట్టి బెంజైల్ ఆల్కహాల్, బెంజోయేట్ వస్తాయి. అందులో ఫార్మాల్డిహైడ్ కూడా కలిపితే? హైడ్రాక్సైడ్ ముందు అడ్డు తక్కువున్న ఫార్మాల్డిహైడ్ మీద పడుతుంది, హైడ్రైడ్ ఇచ్చేదీ అదే, అందుకే ఫార్మేట్ అయ్యేది అది, ఆల్కహాల్ అయ్యేది బెంజాల్డిహైడ్. ఇది ఒక్కసారి బాణం గుర్తులతో వేసి చూసుకోండి, మళ్లీ బట్టీ పట్టే పని ఉండదు.

ఆల్డిహైడ్‌ని గుర్తుపట్టే టాలెన్స్ (వెండి అద్దం వచ్చేది), ఫెహ్లింగ్ (ఎర్రటి అవక్షేపం వచ్చేది) టెస్టుల సంగతి ల్యాబ్‌లోనే వంటబట్టింది. టాలెన్స్ చేస్తే పక్కవాడి ట్యూబు అద్దంలా మెరిసింది, నాది నల్లటి బురద. ట్యూబు సరిగ్గా కడగలేదు, పైగా వేడినీళ్లలో పెట్టకుండా తొందరపడి నేరుగా మంట మీద పెట్టాను. బెంజాల్డిహైడ్ టాలెన్స్ ఇస్తుంది, ఫెహ్లింగ్ ఇవ్వదు, ఇది మాత్రం మర్చిపోకండి.

క్లెమెన్సన్, వుల్ఫ్-కిష్నర్‌కి ఎక్కువ టైం పెట్టొద్దు, రెండూ C=O ని CH2గా మార్చేవే. మొదటిది ఆమ్లంలో, రెండోది క్షారంలో. అణువులో ఆమ్లానికి తట్టుకోని గ్రూపుంటే రెండోదే. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) కెమిస్ట్రీ 40 ప్రశ్నలే, నెగెటివ్ మార్కులూ లేవు, అయినా నేను గుడ్డిగా పెట్టినవి ఎక్కువ తప్పే అయ్యాయి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఇంకో మాట. ఇథనల్, ఇథనాల్‌కి మనకి దీర్ఘమే తేడా, ఒకటి ఆల్డిహైడ్, ఒకటి ఆల్కహాల్. అయోడోఫాం టెస్టులో (పసుపు అవక్షేపం వచ్చేది) మాత్రం తికమకపడ్డా బతికిపోతాం, రెండూ ఇస్తాయి. మెథనల్, మెథనాల్ రెండూ ఇవ్వవు. 2-పెంటనోన్, 3-పెంటనోన్ దగ్గర ఆ అదృష్టం ఉండదు, మొదటిదే ఇస్తుంది.