కల్పాక్కం దారిలో చల్లారని బొగ్గు

చెన్నై తిరువాన్మియూరులో ఆ ఆదివారం కల్పాక్కం బస్సు కోసం గంటకు పైగా నిలబడవలసి వచ్చింది. ఆటో అతను మహాబలిపురం వరకే 1,200 రూపాయలు అడిగాడు. అంత పెట్టగలిగితే ఆ ఎండలో ఎందుకు నిలబడతాను? చివరికి వచ్చిన బస్సులో, నేను ఫోనులో చెల్లెలితో తెలుగులో మాట్లాడడం విని, ఒక పెద్దాయన సంచీ ఒళ్ళోకి తీసుకొని చోటిచ్చారు. "ఏ ఊరమ్మా మీది?" అని అడిగారు. హైదరాబాదులోని మౌలాలి అని చెప్పాను. "అయితే ఏళ్ళ తరబడి మీ ఊరి సరుకుతోనే పనిచేశాను" అన్నారు.

ఆయనది సూళ్ళూరుపేట. కల్పాక్కంలో వాడిన అణు ఇంధనాన్ని శుద్ధిచేసే ప్లాంటులో టెక్నీషియనుగా పనిచేసి రిటైరయ్యారు. మా ఇంటి ముందు నుంచి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ బస్సులు వెళ్ళడం చూస్తూ పెరిగినా, అక్కడ తయారయ్యే ఇంధనం ఎలా ఉంటుందో ఆ రోజు వరకు నాకు తెలియదు. యురేనియం బిళ్ళలు నింపిన జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలు 19 కలిపి అరమీటరు పొడవున కట్టగా అమరుస్తారట. కల్పాక్కంలో 1984లోను, 1986లోను వాణిజ్యపరంగా విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టిన రెండు రియాక్టర్లకూ ఆ కట్టలే ఇంధనం.

రియాక్టరులో పని అయిపోయిన కట్టను నీటి తొట్టిలో ఏళ్ళ తరబడి చల్లారబెడతారని ఆయన చెప్పగానే, నాకు మా నాయనమ్మ వంటిల్లు గుర్తుకు వచ్చింది. వంట కాగానే పొయ్యిలోంచి నిప్పులు బయటికి లాగి, నీళ్ళు చల్లి, ఆ బొగ్గులను కుంపటికి దాచేది. ఆ మాటే అన్నాను. "సగం సరిపోతుందమ్మా. ఆ కట్టలో 98 శాతానికి పైగా యురేనియమే మిగిలి ఉంటుంది, కొద్దిగా ప్లుటోనియం పుడుతుంది. దాన్ని చెత్త అంటే నాకు బాధ కలుగుతుంది" అన్నారు.

బస్సు కోవళం దగ్గర సముద్రానికి వెళ్ళే కార్ల మధ్య చిక్కుకొని కదలలేదు. నాకు విసుగు రాలేదు, ఎందుకంటే ఆయన తన పని గురించి చెబుతున్నారు. మీటరుకు పైగా మందమున్న కాంక్రీటు గోడకు ఇవతల నిలబడి, సీసం కలిసిన గాజు కిటికీలోంచి చూస్తూ, యంత్రపు చేతులతో అవతలి పని చేయాలి. కట్టలను ముక్కలుగా కోసి వేడి నత్రికామ్లంలో వేస్తే ఇంధనం కరిగి, గొట్టాల పెంకులు మిగులుతాయి. ఆ ద్రావణాన్ని ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే రసాయనం కలిపిన కిరోసిను వంటి నూనెతో కలియబెడితే, యురేనియం, ప్లుటోనియం నూనెలోకి ఎక్కుతాయి. యురేనియం చీలినప్పుడు పుట్టిన సీజియం, స్ట్రాన్షియం వంటి రేడియోధార్మిక పదార్థాలు ఆమ్లంలోనే నిలిచిపోతాయి. నూనెలోకి వచ్చినది మళ్ళీ ఇంధనమవుతుంది. కల్పాక్కంలోనే 1985 నుంచి ఉన్న చిన్న ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు ప్లుటోనియం కలిపిన ఇంధనంతోనే నడుస్తోంది.

"మరి ఆమ్లంలో మిగిలింది?" అన్నాను. ఆయన కాసేపు కిటికీ వైపు చూశారు.

"బొగ్గు చల్లారితే చల్లారినట్టే. ఇది అలా కాదమ్మా" అన్నారు. దాన్ని సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో బోరోసిలికేట్ గాజులో కలిపి, ఉక్కు డబ్బాల్లో పోసి, మూతలు వెల్డు చేస్తారు. అందులోంచి సీజియంను వేరుచేసి, ఆసుపత్రుల్లో రోగులకు ఎక్కించే రక్తానికి ముందుగా రేడియేషన్ ఇచ్చే యంత్రాల్లో వాడడమూ ఉందని ఆయన చెప్పినప్పుడు గొంతులో గర్వం వినిపించింది, అది న్యాయమైన గర్వమే. కానీ సీజియం 30 ఏళ్ళకు సగమవుతుంది. వెయ్యో వంతుకు తగ్గాలంటే 300 ఏళ్ళు పడుతుంది. గాజులోకి చేరిన కాస్త ప్లుటోనియం సగం కావడానికి 24,000 ఏళ్ళు. ఆ డబ్బాలను శాశ్వతంగా ఉంచే లోతైన భూగర్భ నిలయం మన దేశంలో ఇంకా లేదు. అణు విద్యుత్తును సమర్థించే నాకు, ఆ నిలయం గురించి ప్రజలతో ఇప్పుడే విప్పి మాట్లాడకపోవడం తప్పనిపిస్తుంది.

కల్పాక్కంలో ఆయన దిగిపోయారు. పిన్నిగారింట్లో మనుమడి అన్నప్రాసన, భోజనాలు అయ్యాక, సాయంత్రం ఒక్కదాన్నే సద్రాస్ కోటకు నడిచాను. డచ్చివారు 17వ శతాబ్దంలో వర్తకం కోసం వచ్చి కట్టుకొన్న కోట అది. సముద్రం వైపు గోడలు కూలి ఉన్నాయి, రియాక్టర్లు అక్కడికి ఎంతో దూరం లేవు. వర్తకుల సమాధి రాళ్ళ మీద అక్షరాలు ఇంకా చెక్కుచెదరలేదు. ఒక రాయి ముందు కూర్చొని అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. పేరు వంటిది తప్ప ఒక్క మాటా అర్థం కాలేదు. ఏమి రాసి ఉందని వాచ్‌మన్‌ను నాకు వచ్చిన తమిళంలో అడిగాను. తనకూ తెలియదని, ఇన్నేళ్ళలో చదివి చెప్పినవారు ఎవరూ రాలేదని చెప్పి, అతను గేటు తాళం చేతిలోకి తీసుకొన్నాడు.