మిద్దె మీద టమాట, మిరప, వంగ: మట్టి కలపడం నుంచి నారు నిలదొక్కుకునే దాకా

నర్సరీలో నవనవలాడిన నారు మన మిద్దె మీదికొచ్చిన వారానికే తలవాల్చేస్తే, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు తోచేది ఒకటే: ఎరువు చాల్లేదు. అందుకని ఇంకో రెండు గుప్పిళ్లు వేస్తారు, పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తారు. నారు ఇంకా తొందరగా చస్తుంది. కుండీలో చిన్న మొక్కను చంపేది ఆకలి కాదు, వేళ్లకు గాలి ఆడకపోవడం. చేనులో అయితే నీళ్లు లోతుకు దిగిపోతాయి. అడుగు లోతు గ్రో బ్యాగ్ సంచిలో వాటికి దిగే చోటు లేదు. అందుకే చేనుకు సరిపోయే మట్టి కుండీకి సరిపోదు.

హైదరాబాద్‌లో దొరికేది ఎక్కువగా ఎర్ర చల్కా మట్టి. ఇసుక పాలు ఉంటుంది కాబట్టి మనకు మంచిదే. చిక్కు ఎక్కడంటే, నగరంలో ట్రాలీల్లో అమ్మే ఎర్రమట్టి చాలాసార్లు సెల్లార్ తవ్వకాల నుంచి వస్తుంది. అది పైమట్టి కాదు, అందులో జీవం ఉండదు, సిమెంటు పెళ్లలూ సున్నం ముక్కలూ కలిసి ఉండొచ్చు. చెంచాడు పొడి మట్టి మీద నిమ్మరసమో వెనిగరో పిండి చూడండి. బుసబుసా పొంగితే సున్నం పాలు ఎక్కువన్నట్టు. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. కొత్త ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపెక్కుతాయి. దాన్ని బాగుచేయాలని చూడకండి, వేరే మట్టి తెచ్చుకోండి. నల్లరేగడి కూడా ఒంటరిగా వద్దు. తడిస్తే జిగురు, ఆరితే బీటలు. ఆ బీటలతో పాటే లేత వేళ్లూ తెగుతాయి.

12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్న సంచిలో పైన అంగుళంన్నర వదిలేస్తే సుమారు 19, 20 లీటర్ల మిశ్రమం పడుతుంది. ఒక టమాట మొక్కకు ఇంతకంటే చిన్నది తీసుకోవద్దు. మిరపకు, వంగకు 12 నుంచి 15 లీటర్లు సరిపోతుంది. టమాట సంచికి లెక్క ఇది: జల్లించిన ఎర్రమట్టి 8 లీటర్లు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు 5 లీటర్లు, కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 5 లీటర్లు, వరి ఊక 2 లీటర్లు, వేపపిండి 100 గ్రాములు. కొలతకు పాత పెయింటు డబ్బా చాలు. కిలోల్లో కాదు, డబ్బాల్లోనే కొలవండి, ఎందుకంటే కోకోపీట్ బరువు తడిని బట్టి మారిపోతుంది. ఊకను చాలామంది వదిలేస్తారు కానీ నా దృష్టిలో దానిదే పెద్ద పాత్ర. తొందరగా కుళ్లదు కాబట్టి మట్టి మధ్య గాలి సందులు నెలల తరబడి నిలుస్తాయి. వర్మీకంపోస్టు మంచిదని సగానికి సగం పోసేవాళ్లున్నారు. అది మెత్తటి పొడి, నీళ్లు పట్టి బురదలా కూర్చుంటుంది.

కలిపాక తడిపి పిడికిట్లో గట్టిగా నొక్కండి. లడ్డూలా నిలబడాలి, బొటనవేలితో పొడిస్తే పొడిపొడిగా విడిపోవాలి. ముద్ద విడిపోకుండా వేలిముద్ర పడితే బంకమన్ను ఎక్కువైంది, ఊకో దొడ్డు ఇసుకో కలపాలి. ముద్దే కట్టకపోతే కంపోస్టు తక్కువ.

కోకోపీట్ దిమ్మెను నానబెట్టి అలాగే వాడొద్దు. కొబ్బరి పీచులో సహజంగానే ఉప్పు ఉంటుంది, దానికి మన బోరు నీళ్ల ఉప్పు తోడైతే ఆకుల అంచులు మాడతాయి. నల్లా నీళ్లతో రెండు మూడుసార్లు నానబెట్టి పిండి పారబోయండి. పశువుల ఎరువు పచ్చిదైతే వేడెక్కి వేళ్లను కాలుస్తుంది, వేరుపురుగునూ వెంట తెస్తుంది. మాగిన ఎరువు చేతిలో పొడిలా రాలుతుంది, పేడ వాసన పోయి వాన తడిసిన మట్టి వాసన వస్తుంది. అనుమానం ఉంటే కలిపిన మట్టిలో గుప్పెడు తీసుకుని పది ఆవాలు చల్లండి. నాలుగైదు రోజుల్లో ఎక్కువ భాగం మొలిచి పచ్చగా నిలబడితే నారు కూడా బతుకుతుంది.

సంచి అడుగున గులకరాళ్లో ఇటుక ముక్కలో పరిచే అలవాటు మనదగ్గర బలంగా ఉంది. దానివల్ల నీళ్లు బాగా పోతాయన్నది నిజం కాదు. మెత్తటి మట్టిలోని నీరు దొడ్డు రాళ్ల పొరను తాకినచోట ఆగిపోతుంది, పై మట్టి పూర్తిగా నిండాకే కిందికి కారుతుంది. అంటే తడి పొర కింద ఉండాల్సింది పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది. రంధ్రం మీద ఒక దోమతెర ముక్క చాలు, మిగతాదంతా మట్టే ఉండాలి. తడిసిన సంచి ఒక్కొక్కటి 20 కిలోల పైనే తూగుతుంది కాబట్టి స్లాబు నడిమధ్యలో గుంపుగా కాకుండా కింద గోడలు, దూలాలు ఉన్నచోట పెట్టండి. ఇటుకల మీద ఎత్తి పెడితే రంధ్రాలు మూసుకోవు, వేసవిలో స్లాబు వేడీ నేరుగా తగలదు.

లేత మొక్క మొదలు కుళ్లే నారుకుళ్లు తెగులుకు ముందే కాపలా పెట్టుకోవచ్చు. 9 కిలోల మాగిన ఎరువుకు కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంధ్రాలను అణిచే మంచి శిలీంధ్రం పొడి) కలిపి, తేమగా ఉండేలా నీళ్లు చల్లి, నీడలో గోనెసంచి కప్పి వారం పది రోజులు ఉంచండి. మిశ్రమంలో చెప్పిన ఎరువుకు బదులు ఇదే వాడండి, అప్పుడు వేపపిండి విడిగా కలపక్కర్లేదు. రాగి కలిసిన తెగులు మందు మాత్రం దీంతో పాటు పోయొద్దు, మంచి శిలీంధ్రమూ చస్తుంది. సంచులు నాటడానికి వారం ముందే నింపి రెండుసార్లు నీళ్లు పోస్తే మట్టి అంగుళం దాకా కుంగుతుంది. అప్పుడు పైన మళ్లీ నింపాలి.

కాలం విషయానికొస్తే, మిరుగు (మృగశిర కార్తె) దాటి నాలుగు వానలు పడ్డాక జూన్ చివర్లో, లేదంటే సెప్టెంబరు, అక్టోబరులో నాటండి. ఏప్రిల్‌లో మొదలుపెడితే మొక్క బతికినా, పగలు 35 డిగ్రీలు దాటాక టమాట పూత నిలవడం కష్టం.

టమాట నారు 25 నుంచి 30 రోజులది, వంగ 30 నుంచి 35, మిరప 35 నుంచి 40 రోజులది తీసుకోండి. మొలకతో వచ్చే తొలి జంట ఆకులు కాక నాలుగైదు నిజమైన ఆకులు, పొట్టిగా లావుగా కాండం, తెల్లటి వేళ్లు ఉండాలి. పొడుగ్గా సన్నగా సాగిన నారు నీడలో పెరిగింది. అప్పుడే పూత వేసిన నారు ట్రేలో ముదిరిపోయింది. ఆకు వెనక్కి తిప్పి చూడండి. తెల్లదోమ ఎగిరితే ఆ ట్రే జోలికి పోవద్దు. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే.

షేడ్‌నెట్ కింద పెరిగిన నారును తెచ్చిన రోజే మిద్దె ఎండలో పెడితే ఆకులు తెల్లగా మాడతాయి. మొదటి రోజు పొద్దుటి ఎండ గంటసేపు, తర్వాత రోజుకో గంట పెంచుతూ 5 నుంచి 7 రోజులు అలవాటు చేయండి. అలవాటు చేసే ఈ వారంలో నీళ్లు కాస్త తగ్గించాలి, వాడనివ్వకూడదు.

నాటేది సాయంత్రం నాలుగున్నర తర్వాత. గంట ముందు ట్రేకు నీళ్లు పోస్తే వేళ్ల ముద్ద చిట్లకుండా ఊడొస్తుంది. గుంట ముందే తీసి పెట్టుకోండి. ట్రే గడిని అడుగు నుంచి నెట్టి, మొక్కను ఆకు పట్టుకుని ఎత్తండి; లేత కాండం నలిగితే మళ్లీ రాదు, ఆకు పోతే ఇంకోటొస్తుంది. వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే కింద కొద్దిగా విడదీయాలి. టమాటను కింది ఆకులు గిల్లేసి మూడింట రెండొంతుల కాండం మట్టిలోకి పోయేలా నాటండి, ఆ కాండం పొడుగునా కొత్త వేళ్లు పుడతాయి. మిరప, వంగలను మాత్రం ట్రేలో ఉన్న లోతులోనే నాటాలి, లేకపోతే మొదలు కుళ్లే ప్రమాదం ఉంది. చుట్టూ మట్టిని రెండు వేళ్లతో అదిమితే చాలు, అరచేత్తో దిమ్మిస కొట్టొద్దు. ఊతకర్ర కూడా ఇప్పుడే గుచ్చండి, తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి.

మొదటి నీళ్లు అడుగు నుంచి కారేదాకా పోయాలి. తర్వాత వేలు రెండు కణుపులు లోపలికి దించి పొడిగా తగిలితేనే మళ్లీ పోయాలి. మూడు నాలుగు రోజులు మధ్యాహ్నం నీడ పట్టండి. మధ్యాహ్నం వాడి సాయంత్రానికి లేస్తే కంగారు అక్కర్లేదు. పొద్దున్నే, అదీ మట్టి తడిగా ఉండగా వాడిపోయి ఉంటే వేళ్లు కుళ్లుతున్నాయి. నీళ్లు ఆపి, సంచి రంధ్రాలు మూసుకున్నాయేమో చూడండి. కాండం మట్టి దగ్గర నల్లబడి సన్నగా నొక్కుకుపోయిందంటే అది నారుకుళ్లు, ఆ మొక్కను పీకేసి అక్కడి మట్టి కూడా తీసేయాలి. మిరప ఆకులు పైకి ముడుచుకుంటే తామరపురుగు (త్రిప్స్), కిందికి ముడుచుకుంటే నల్లి (మైట్స్). రెండింటికీ ఒకే మందు అన్నిసార్లూ పనిచేయదు కాబట్టి పిచికారీ చేసేముందు ఆకు ఎటు ముడుచుకుందో చూసుకోవాలి.

మూడు వారాల దాకా ఏ ఎరువూ వేయొద్దు. ఆ తర్వాత సంచికి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు, మొదలుకు తగలకుండా అంచు వెంట.