కోడింగ్ షీట్‌లో నాలుగో గడి

ఆ దృశ్యం నలభై సెకన్లకు మించదు. ఒక పోలీసు అధికారి రెస్టారెంట్ వంటగదిలోకి వచ్చి, ఉల్లిపాయలు తరుగుతున్న మనిషికి ఒక ఫోటో చూపించి, ఇతన్ని ఎప్పుడైనా చూశావా అని అడుగుతాడు. ఆ మనిషి చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని, పోయిన వారం వచ్చాడని, మళ్ళీ కనిపించలేదని చెప్పి తిరిగి కత్తి అందుకుంటాడు. అమెరికాలో మాస్ కమ్యూనికేషన్ చదువుకునే రోజుల్లో, ప్రైమ్‌టైమ్ సీరియళ్ళలో లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న, పాత్రలు ఎన్ని ఉన్నాయో లెక్కించే తరగతి అభ్యాసం కోసం ఈ నలభై సెకన్లను ఐదారుసార్లు వెనక్కి తిప్పి చూశాను. చూసిన ప్రతి పాత్ర వివరాలూ నమోదు చేయడానికి మా చేతిలో ఉన్న కోడింగ్ షీట్‌లో మొదటి గడి పాత్ర సంఖ్యకు, రెండోది అతను మాట్లాడిన సమయానికి, మూడోది వృత్తికి, నాలుగోది జాతి మూలానికి. నాలుగో గడిలో నేను "లాటినో" అని రాశాను. అదే దృశ్యాన్ని విడిగా చూసిన నా జోడీ "తెలియదు" అని రాసింది.

ఆమెది ప్యూర్టోరికో కుటుంబం, అంటే ఆమె కూడా లాటినోయే. ఎందుకలా రాశావని అడిగితే, రంగు గోధుమవన్నె అని, మాటలో కొంచెం యాస ఉందని, పైగా వంటగదిలో పనిచేస్తున్నాడని చెప్పాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "అమెరికన్ టీవీ లాటినోలను వంటింటి పనికే పరిమితం చేస్తోందా అన్నది మన ప్రశ్న. వంటింట్లో ఉన్నాడు కాబట్టి లాటినో అని నువ్వే రాస్తే, జవాబు ముందే రాసిపెట్టుకున్నట్టు కాదా?" అంది. ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సమాధానం లేకపోయింది. రంగు సంగతి అయితే నేను ముందే ఆలోచించి ఉండవలసింది. అంతకు ముందు వారమే బస్సులో పక్కన కూర్చున్న ఒక పెద్దాయన నా ముఖం చూసి స్పానిష్‌లో కబుర్లు మొదలుపెట్టారు, నేను తెలుగువాణ్ణని చెప్పేదాకా ఆయనకు అనుమానమే రాలేదు.

కంటెంట్ అనాలిసిస్, అంటే మీడియాలో ఏముందో ఇలా లెక్కపెట్టే పరిశోధన, చేసేవారికి ఇది పాత తలనొప్పే. షీటు నింపే ఇద్దరు కోడర్లు విడివిడిగా చూసి ఒకే మాట రాస్తే ఆ కొలత నమ్మదగినదని అంటారు, ఆ ఏకాభిప్రాయాన్ని క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా వంటి సూచికతో లెక్కకట్టి, 0.8 దాటితే ఊపిరి పీల్చుకుంటారు. అయితే ఇద్దరు కోడర్లూ ఒకే మూసను నమ్ముతుంటే కూడా ఆల్ఫా బాగానే వస్తుంది. మా జోడీ కుదరకపోవడమే మంచిదైంది.

ఆ గడిలో రాయవలసిన మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళ్తే, కోడర్ల కంటే ముందు అమెరికా ప్రభుత్వమే ఈ విషయంలో ఎన్ని తిప్పలు పడిందో తెలుస్తుంది. 1930 జనగణనలో "మెక్సికన్" అన్నది తెలుపు, నలుపు లాగే ఒక రేస్‌గా కనిపిస్తుంది. దానిపై మెక్సికో ప్రభుత్వం, అమెరికాలోని మెక్సికన్ అమెరికన్ సంఘాలు అభ్యంతరం చెప్పాక 1940 నాటికి దాన్ని తీసేశారు. 1970లో అయిదు శాతం ఇళ్ళకు పంపిన ఫారంలో మెక్సికన్, ప్యూర్టోరికన్, క్యూబన్, "సెంట్రల్ ఆర్ సౌత్ అమెరికన్" వగైరా ఎంపికలతో మూలం అడిగారు. మధ్య, దక్షిణ అమెరికా దేశాల నుంచి వచ్చినవారని దాని ఉద్దేశం. అమెరికా దేశపు మధ్య రాష్ట్రాల్లోనూ దక్షిణ రాష్ట్రాల్లోనూ తరతరాలుగా ఉంటున్నవారు అది తమ గురించేననుకుని అందులో గుర్తు పెట్టారు. ఈ ముక్క మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను. ఫారం నింపినవారి తప్పేమీ లేదు, వాళ్ళు చదివింది చదివినట్టే అర్థం చేసుకున్నారు.

1976లో ప్రతినిధుల సభ సభ్యుడు ఎడ్వర్డ్ రాయ్‌బల్ చొరవతో స్పానిష్ మూలం ఉన్నవారి వివరాలు సేకరించాలనే చట్టం వచ్చింది, మరుసటి ఏడాది ప్రభుత్వ గణాంకాల్లో "హిస్పానిక్" అధికారిక వర్గమైంది, 1980 జనగణనలో ఆ ప్రశ్న ప్రతి ఇంటికీ వెళ్ళింది. "లాటినో" అన్న మాట 2000లో వచ్చి చేరింది. ఇది రేస్ కాదు, ఎత్నిసిటీ, అంటే సంస్కృతికీ మూలానికీ సంబంధించినది అని ప్రభుత్వం చెబుతూ వచ్చింది కాబట్టి మనిషి రెండు ప్రశ్నలకు రెండు జవాబులు ఇవ్వాలి. 2010లో హిస్పానిక్‌లలో 53 శాతం తమ రేస్ తెలుపు మాత్రమేనని రాస్తే, 2020లో అలా రాసినవారు 20.3 శాతమే. పదేళ్ళలో మనుషుల ఒంటి రంగు మారలేదు. ప్రశ్న అడిగిన తీరు, వచ్చిన జవాబులను వర్గీకరించిన తీరు మారాయి, తమను తాము చూసుకునే తీరు కూడా కొంత మారి ఉండవచ్చు. చివరికి 2024 మార్చిలో ఈ రెండు ప్రశ్నలనూ కలిపి ఒకటి చేయాలని నిర్ణయించారు.

బ్రెజిల్ వారి కథ ఇంకా విచిత్రం. వారి భాష పోర్చుగీసు కాబట్టి ప్రభుత్వ నిర్వచనం ప్రకారం వారు హిస్పానిక్ కారు. హిస్పానిక్ మూలమా అన్న సర్వే ప్రశ్నకు "అవును" అని గుర్తు పెట్టి పక్కన బ్రెజిలియన్ అని రాసినవారి జవాబును జనగణన కార్యాలయం తర్వాత "కాదు"గా సరిచేస్తుంది. ఆ కార్యాలయం ఏటా జరిపే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో 2020లో పొరపాటున ఆ దిద్దుబాటు జరగలేదు. దాంతో 2019లో 14,000 మంది ఉన్న హిస్పానిక్ బ్రెజిలియన్లు ఒక్కసారిగా 4,16,000 అయ్యారని, 2021లో మళ్ళీ 16,000కు పడిపోయారని ప్యూ పరిశోధన సంస్థ బయటపెట్టింది. అమెరికాలోని బ్రెజిలియన్లలో మూడింట రెండొంతుల మందికి పైగా తమను ఏమని అనుకుంటున్నారో జవాబుల వర్గీకరణలో జరిగిన ఒక పొరపాటు వల్ల లోకానికి తెలిసింది.

ఈ వర్గం ఒక్క ప్రభుత్వం చేతిలోనే తయారు కాలేదు. సామాజిక శాస్త్రవేత్త జి. క్రిస్టీనా మోరా చూపించినట్టు, హక్కుల కార్యకర్తలు, జనగణన అధికారులు, స్పానిష్ టీవీ యజమానులు ఒకరికొకరు ఆసరాగా నిలిచి దీన్ని నిలబెట్టారు. కార్యకర్తలకు దేశం మొత్తం మీద చెప్పుకోదగ్గ సంఖ్య కావాలి, అధికారులకు తమ ఫారం నింపే జనం కావాలి, టీవీవారికి ప్రకటనదారుల ముందు పెట్టడానికి ఒక ఉమ్మడి ప్రేక్షక సమూహం కావాలి. లాస్ ఏంజెలెస్‌లోని మెక్సికన్‌ను, మయామీలోని క్యూబన్‌ను, న్యూయార్క్‌లోని ప్యూర్టోరికన్‌ను వేర్వేరు మార్కెట్లుగా అమ్మితే వచ్చేది తక్కువ, ఒకే మార్కెట్‌గా అమ్మితే వచ్చేది ఎక్కువ. 1962లో మొదలైన స్పానిష్ ఇంటర్నేషనల్ నెట్‌వర్క్ 1987లో యూనివిజన్‌గా పేరు మార్చుకుంది. 1992 నుంచి, టీవీ ప్రేక్షకుల సంఖ్యను కొలిచే నీల్సన్ సంస్థ హిస్పానిక్ ప్రేక్షకులకు ప్రత్యేకంగా రేటింగ్ ఇవ్వసాగింది. వార్తలు చదివేవారి స్పానిష్‌లో ఏ దేశపు యాసా వినిపించకుండా చదును చేశారు. ఇంగ్లీషు టీవీ యాసను బట్టి లాటినోను గుర్తుపట్టేది, స్పానిష్ టీవీ యాసను చెరిపి లాటినోను తయారుచేసేది.

ఈ వ్యాపార లెక్కలేవీ పట్టని మనిషి ఒకరు అదే స్పానిష్ టీవీలో పనిచేశారు. రూబెన్ సలజార్ లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో విలేకరిగా పేరు తెచ్చుకుని, 1970లో కేఎంఈఎక్స్ చానెల్‌కు వార్తా విభాగం అధిపతిగా వెళ్ళి, పత్రికలో వారానికొక వ్యాసం మాత్రం రాస్తూ వచ్చారు. ఆ ఏడాది ఫిబ్రవరి 6న రాసిన వ్యాసంలో చికానో ఎవరన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు సారాంశం, తనను తాను ఆంగ్లో, అంటే ఇంగ్లీషు మాట్లాడే తెల్లవారి, రూపంలో చూసుకోని మెక్సికన్ అమెరికనే చికానో అని. రంగు, యాస, ఇంటిపేరు, వృత్తి ఏవీ ఆ నిర్వచనంలో లేవు, మనిషి తన గురించి తాను అనుకునేది మాత్రమే ఉంది. ఆగస్టు 29న ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన చికానో ప్రదర్శన వార్తలు సేకరించిన ఆయన, ఆ సాయంత్రం సిల్వర్ డాలర్ అనే బార్‌లో కూర్చుని ఉండగా, షరీఫ్ డిప్యూటీ పేల్చిన బాష్పవాయు గుండు తలకు తగిలి చనిపోయారు. ఎవరి మీదా క్రిమినల్ కేసు నడవలేదు. ఆ నిర్వచనాన్ని నేను తరగతి నోట్సు అట్ట మీద రాసుకున్నాను, కానీ కోడర్‌కు అది ఎందుకూ పనికిరాదని కూడా వెంటనే తెలిసిపోయింది. ఉల్లిపాయలు తరిగే మనిషి తన గురించి తాను ఏమనుకుంటున్నాడో చెప్పడానికి రచయిత అతనికి సమయం ఇవ్వలేదు.

ఇంత చిక్కు ఉందని లెక్కపెట్టడం మానేయమని నేను అనను. టీవీ లోకంలో కనిపించనివారు సామాజికంగా లేనట్టేనని, అది ప్రతీకాత్మక వినాశనమని మీడియా పరిశోధకులు జార్జ్ గెర్బ్‌నర్, లారీ గ్రాస్ 1976లో అన్న మాటకు అంకెలే బలం. 1970ల చివర్లో బ్రాడ్లీ గ్రీన్‌బర్గ్ బృందం లెక్కించినప్పుడు టీవీ కాల్పనిక పాత్రల్లో హిస్పానిక్‌లు ఒకటిన్నర శాతం దరిదాపుల్లో ఉన్నారు, 1980 జనాభాలో వారి వాటా 6.4 శాతం. 2007 నుంచి 2018 వరకు ఎక్కువ వసూళ్ళు సాధించిన 1,200 సినిమాలను చూసిన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అనెన్‌బర్గ్ బృందానికి మాట్లాడే పాత్రల్లో 4.5 శాతం, ప్రధాన పాత్రల్లో 3 శాతం మాత్రమే లాటినోలని తేలింది. 2020 నాటికి జనాభాలో వారు 6.21 కోట్లు, అంటే 18.7 శాతం. కోడర్ల పొరపాట్లన్నీ ఒకే వైపుకు తోసినా ఇంత అంతరం పూడదు. తెర వెనుక పరిస్థితి చెప్పడానికి ముఖాలు చూడనక్కరలేదు, ఉద్యోగులు తామే చెప్పిన వివరాలున్నాయి. 2019లో మీడియా పరిశ్రమ ఉద్యోగుల్లో హిస్పానిక్‌లు సుమారు 12 శాతమని, మిగిలిన పరిశ్రమల్లో 18 శాతమని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం అంచనా వేసింది.

నాకు పేచీ ఉన్నది అంకె దగ్గర కాదు, అంకె వెనక దాగిన నిర్ణయం దగ్గర. లెక్కించేది నటుణ్ణా, పాత్రనా? మెక్సికోలోని చివావాలో పుట్టిన ఆంథనీ క్విన్ గ్రీకుగా, అరబ్బుగా వేసిన పాత్రలకే ప్రపంచమంతా తెలుసు. బొలీవియా తండ్రికి పుట్టిన జో రకెల్ తెహాదాను ప్రేక్షకులు రకెల్ వెల్చ్‌గానే చూశారు. 1961 నాటి వెస్ట్ సైడ్ స్టోరీలో ప్యూర్టోరికో యువకుడిగా వేసి ఆస్కార్ పొందిన జార్జ్ చకీరిస్‌ది గ్రీకు కుటుంబం. అదే చిత్రానికి ఆస్కార్ పొందిన రీటా మొరేనో నిజంగానే ప్యూర్టోరికోలో పుట్టారు. అందరికీ ఒకే ముదురు రంగు మేకప్ పూశారని, ప్యూర్టోరికో వారిలో అన్ని రంగులవారూ ఉంటారని చెప్పినా వినలేదని ఆమె తర్వాత ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నారు. అంటే అక్కడ ప్యూర్టోరికో మనిషినే కెమెరా కోసం మళ్ళీ ప్యూర్టోరికన్‌గా మార్చవలసి వచ్చింది. ఆ సినిమాను మా షీటుతో కోడ్ చేస్తే నాలుగో గడి తడబాటు లేకుండా నిండుతుంది. ఆ మేకప్ పూసిందే అందుకు.

ఈ చిక్కులో పడకుండా నడిచిన పరిశోధనలే నాకు ఎక్కువ నచ్చుతాయి. చట్టబద్ధమైన అనుమతి లేని వలసదారులకు ప్రభుత్వ సేవలు నిరాకరించాలన్న 187వ ప్రతిపాదనపై 1994లో కాలిఫోర్నియాలో ఓటింగ్ జరిగిన కాలపు లాస్ ఏంజెలెస్ టైమ్స్ వార్తలను భాషావేత్త ఒట్టో శాంటా ఆనా చదివి, వలసదారుల గురించి వాడిన రూపకాలను ఏరారు. వరద, ఉప్పెన, పోటు వంటి నీటి మాటలు, జంతువులకు వాడే మాటలు అందులో కుప్పలుగా దొరికాయి. ఇక్కడ పరిశోధకుడు ఎవరి ముఖమూ చూసి తీర్పు చెప్పనక్కరలేదు, అచ్చులో ఉన్న మాటను చూపిస్తే చాలు. విలేకరులు ద్వేషంతో రాశారని ఆయన అనలేదు. అలవాటైన మాట చేతికి అందితే రాశారు. మనం కూడా "వలసల వెల్లువ" అని శీర్షిక పెట్టేటప్పుడు నీళ్ళ సంగతి తలచుకోము కదా.

పేరు దగ్గర కూడా ఇదే తంతు. ఏ మాటతో తమను ఎక్కువగా చెప్పుకుంటారని ప్యూ 2012లో ప్రచురించిన సర్వేలో అడిగితే 51 శాతం తమ కుటుంబం వచ్చిన దేశం పేరు చెప్పారు, హిస్పానిక్ లేక లాటినో అన్నవారు 24 శాతం. లింగ భేదం లేని మాటగా విశ్వవిద్యాలయాల్లో బాగా నలిగిన లాటినెక్స్‌ను 2023 సర్వే నాటికి 47 శాతం మంది విన్నారు, వాడుతున్నది 4 శాతమే. దీన్ని పట్టుకుని ఆ మాటను ఎగతాళి చేసేవారితో నేను కలవను. "హిస్పానిక్" కూడా ఒకప్పుడు పై నుంచి దిగిన మాటే, టీవీ రోజూ పలికి పలికి దాన్ని ఇంట్లోకి తెచ్చింది. లాటినెక్స్‌కు అలాంటి టీవీ దొరకలేదు.

మా అభ్యాసంలో చివరికి నాలుగో గడిని రెండుగా చీల్చాం. ఒకదానిలో పాత్ర మూలం, రెండోదానిలో అది మనకు ఎలా తెలిసిందన్న ఆధారం: పేరా, సంభాషణలో చెప్పారా, భాషా, యాసా, రంగా, వృత్తా, పరిసరాలా. పేరు, సంభాషణ, భాషల్లో ఏదో ఒకటి ఉంటేనే మూలం రాయాలని, మిగిలినవే ఉంటే "తెలియదు" అని రాసి ఆధారం మాత్రం నమోదు చేయాలని నియమం పెట్టుకున్నాం. పని రెండింతలైంది, లాటినో పాత్రల సంఖ్య ఇంకా తగ్గింది, కానీ ఆధారాల గడి చదువుతుంటే సీరియల్ రచయితలు మనం దేన్ని చూసి ఎవర్ని పోల్చుకుంటామని ఆశపడుతున్నారో వరసగా కనిపించింది. ఉల్లిపాయల మనిషి దగ్గరికి మళ్ళీ వచ్చినప్పుడు, ఎపిసోడ్ చివర పాత్రల జాబితాలోనైనా పేరు ఉంటుందేమోనని ఆపి చూశాం. "రెండో వంటవాడు" అని ఉంది. నేను మూలం గడిలో "తెలియదు" అని దిద్దాను, పక్క గడిలో నా జోడీ "వంటగది" అని రాసింది.