గుండిగ గొలుసు

శనివారం. పొద్దున్నుంచీ వాన. బట్టలు ఉతికి హీటర్ మీద ఆరేసి, మధ్యాహ్నం బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లాను. టికెట్ అక్కర్లేదు కాబట్టి వాన పడితే నాకు అదే దిక్కు.

41వ గదిలో జనమంతా సట్టన్ హూ హెల్మెట్ చుట్టూ మూగి ఫోటోలు తీసుకుంటున్నారు. పాతకాలంలో ఇంగ్లండ్‌లో ఉండిన ఆంగ్లో-సాక్సన్ల రాజ సమాధిలో దొరికింది అది. 1939లో సఫోక్‌లో ఎడిత్ ప్రెట్టీ తన స్థలంలోని దిబ్బను తవ్విస్తే, తవ్వకాలు చేసిన బాసిల్ బ్రౌన్‌కి దాదాపు 27 మీటర్ల ఓడ, అందులో కట్టిన ఆ సమాధి బయటపడ్డాయి. చెక్క ఏనాడో పోయింది. ఇసుకలో దాని అచ్చు, వరసగా ఇనుప మేకులు మిగిలాయి. మనిషి జాడా లేదు, ఆమ్లపు నేల తినేసింది. 7వ శతాబ్దం మొదట్లో పోయిన, ఆ ప్రాంతాన్ని (ఈస్ట్ ఆంగ్లియా) ఏలిన రాడ్వాల్డ్ రాజు కావచ్చంటారు.

నాకు మాత్రం ఆ సామానులో గొలుసు మీదే మనసు. వంద లీటర్ల దాకా పట్టే గుండిగ, దాన్ని దూలానికి వేలాడదీసే ఇనుప గొలుసు, మూడు మీటర్లు దాటింది. దాన్నిబట్టి ఆ కొలువు కప్పు ఎంత ఎత్తో ఊహించొచ్చు! అడవి ఎద్దుల కొమ్ములతో చేసిన తాగే పాత్రలూ, బీవర్ తోలు సంచిలో పెట్టిన లైర్ అనే తీగల వాద్యమూ దాంతోపాటే దొరికాయి. కత్తి పట్టడమే కాదు, పదిమందిని కూర్చోబెట్టి తినిపించి, తాగించి, పాట వినిపించడం కూడా రాజు పనే అన్నమాట.

ఆయుధాల సంగతి అంత తేలిక కాదు. ఆ కాలపు సమాధిలో ఈటె ఉంటే యోధుడని రాసేసేవారు. తీరా హైన్రిష్ హేర్కే అనే పురావస్తు పరిశోధకుడు ఎముకలు కూడా కలిపి చూస్తే, వాళ్లలో పసివాళ్లున్నారు, యుద్ధానికి పనికిరానంత జబ్బు మనుషులూ ఉన్నారు. చనిపోయినవాడు ఏం చేశాడో కాదు, ఏ ఇంటివాడో చెప్పుకోవాలని బతికున్నవాళ్లు పెట్టిన గుర్తు అది. ఆడవాళ్ల నడుము దగ్గర తాళపుచెవుల ఆకారంలో కంచు బిళ్లలు దొరుకుతాయి. వాటితో ఏ తాళమూ రాదు. మా అమ్మమ్మ బొడ్లో దోపుకున్న గుత్తిలా, పెత్తనం ఎవరిదో తెలియడానికే అనిపించింది.

తిరిగొస్తూ ట్రైన్‌లో నార్ఫోక్‌లోని స్పాంగ్ హిల్ అనే ఆంగ్లో-సాక్సన్ శ్మశానం గురించి చదివాను. అక్కడ దహనం చేసి అస్థికలు కుండల్లో పాతిపెట్టారు, రెండు వేలకు పైగా కుండలు. కొన్నింట్లో ఎముక దువ్వెన ముక్కలు, చిన్న పట్టకార్లు. చాలా దువ్వెనలకి నిప్పు సోకలేదట, అంటే చితి ఆరాక వేసినవి. బంగారం పెడితే డాబుకి అనుకుంటాం. విరిగిన దువ్వెన ఎవరికి చూపించడానికి? పాతిపెట్టినవాళ్లకి ఆ జుట్టు గుర్తుండి ఉంటుందని నా ఊహ.