సముద్రం ఒడ్డు నుంచి సిలువ మాను దాకా

స్పెయిన్‌లో కాలినడక యాత్ర అంటే అందరూ పుణ్యక్షేత్రమైన శాంతియాగో పేరే చెబుతారు. మేం మాత్రం ఉత్తర తీరంలోని కాంటాబ్రియాలో, శాన్ విసెంటె దె లా బార్కేరా అనే రేవు ఊరి నుంచి లియెబానా లోయలోని శాంటో టొరిబియో మఠానికి నడిచాం. దూరం సుమారు 72 కిలోమీటర్లు. యేసును సిలువ వేసిన మానులో పెద్ద ముక్క ఆ మఠంలో ఉందని భక్తుల నమ్మకం. అంతటి పవిత్ర వస్తువు ఏ మహానగరంలోనో కాకుండా ఈ కొండల మధ్య ఎందుకుందో తెలుసుకోవాలనిపించింది.

మొదట్లో శాంతియాగో దారీ మాదీ ఒకటే. మున్యొర్రొడేరో ఊరి దగ్గర శాంతియాగో దారి చూపే పసుపు బాణాల గుర్తులు పడమరకు వెళ్లిపోతే, ఎర్ర బాణాలు మమ్మల్ని నాన్సా నది వెంట కొండల్లోకి తిప్పాయి.

అసలు కష్టం సిసేరా ఊరు దాటాకే. అడవిలో నిటారుగా ఎక్కుడు, ఆ తర్వాత లెబేన్యా ఊరి వైపు మోకాళ్లు వణికించే దిగుడు. కింద దేవా నది, దానికి రెండు వైపులా గోడల్లా లేచిన సున్నపురాయి కొండలు. ఈ ఇరుకు లోయ 20 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఇందులోకి సైన్యం నడిపించడం ఎంత కష్టమో కాళ్లకే తెలిసింది. 711 తర్వాత ముస్లిం సైన్యాలు స్పెయిన్‌ను గెలుచుకుంటూ వస్తుంటే ఎంతోమంది క్రైస్తవులు ఈ కొండల్లో తలదాచుకున్నారు. ఆస్టోర్గా పట్టణంలోని సిలువ ముక్కనూ అలాగే ఇక్కడికి చేర్చారని చెబుతారు. బెయాటస్ అనే సన్యాసి బైబిల్లోని ప్రకటన గ్రంథానికి వ్యాఖ్యానం రాసింది కూడా ఆ 8వ శతాబ్దంలో, ఈ లోయలోనే.

లెబేన్యాలో 10వ శతాబ్దపు చర్చి ఉంది. దారి మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే. లోపల కమానులు గుర్రపు నాడా ఆకారంలో ఉంటాయి. అరబ్బుల పాలనలో బతికిన క్రైస్తవుల శిల్పరీతి అది. ప్రాణం కాపాడుకోవడానికి వచ్చినవాళ్లు తమ పనితనాన్ని కూడా వెంట తెచ్చుకున్నారన్నమాట! చర్చి పక్కనున్న పురాతన యూ చెట్టు 2007లో గాలివానకు కూలిపోయింది.

పోతెస్ ఊరు దాటి మఠం చేరాం. బంగారు పూత వేసిన వెండి సిలువలో ఆ చెక్కను భద్రపరిచారు. గుణదల కొండెక్కిన రోజుల్లో అమ్మ కళ్లలో చూసిన తడే అక్కడి స్పానిష్ ముసలమ్మల కళ్లలోనూ చూశాను. నేనూ మోకరించాను.

మఠానికి పేరైన సెయింట్ టొరిబియో పండగ ఏప్రిల్ 16. అది ఆదివారం పడిన ఏడాదే, పాపక్షమాపణ కోరి భక్తులు దాటే క్షమాద్వారాన్ని మఠంలో తెరుస్తారు. 1512లో పోప్ రెండో జూలియస్ ఇచ్చిన ఆజ్ఞాపత్రంతో స్థిరపడిన జూబిలీ, అంటే పుణ్య సంవత్సరం, ఇది. మేం వెళ్లినప్పుడు తలుపు మూసే ఉంది. మళ్లీ 2028లో తెరుస్తారు. వీలైతే అప్పుడు వెళ్లండి, బస్సులో కాదు, నడిచి.