ఫేటన్ ఎందుకు అమ్ముడుపోలేదు?

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఫోక్స్‌వాగన్ వారి గాజు గోడల కర్మాగారాన్ని చూసినప్పటి నుంచి, అక్కడే తయారైన ఫేటన్ కారు గురించి ఆలోచిస్తున్నాను. 2002లో వచ్చిన ఆ కారులో ఏసీ గాలి వచ్చే జాలీలను చెక్క పలకల వెనుక దాచి, అవసరమైనప్పుడే ఆ పలకలు తెరుచుకునేలా అమర్చారు. పన్నెండు సిలిండర్ల ఇంజిన్ కూడా ఇచ్చారు. పనితనానికి వంక పెట్టలేం. అయితే ఇలాంటి ఖరీదైన కారుకు అంత సొమ్ము పెట్టేవారు హోదాను కూడా కొనుక్కుంటారు. మధ్యతరగతివారు కొనే ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ కారు మీద కనిపించే గుర్తే దీని ముందూ ఉన్నప్పుడు, మెర్సిడెస్ ఎస్ క్లాస్‌ను కాదని దీన్ని ఎంచుకునేవారు తక్కువే. 2006తో అమెరికాలో అమ్మకాలు ఆపేశారు, 2016లో ఉత్పత్తినే నిలిపేశారు. ఇంచుమించు ఇదే పునాది మీద రూపొందిన విలాస కార్ల బ్రాండు బెంట్లీ వారి కాంటినెంటల్ జీటీని మాత్రం జనం ఆదరించారు. ఇంజినీర్ల శ్రమను తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.